ప్రిన్సిపాల్‌ని అడగాల్సిన ప్రశ్న

ఫోన్ మోగేసరికి కృపామణి ఆసుపత్రిలో నర్సు డ్యూటీ దిగి బట్టలు మార్చుకుంటోంది. స్కూలు నంబరు కనబడగానే కూతురు జాయ్సీకి జ్వరమొచ్చిందేమో అనుకుంది.

"పాప బానే ఉంది సిస్టర్. పని మీతోనే," అన్నాడు అవతల ఫయాజ్. స్కూలు కమిటీకి ఆయన సెక్రటరీ. హిందీలో నెమ్మదిగా, ఎదుటివాళ్ళకి అర్థమయ్యేదాకా చెబుతాడు.

జెద్దాలో ఇండియా పిల్లలు చదివే ఆ స్కూలుకి ప్రిన్సిపాల్ కావాలి. ఇన్నాళ్ళూ కమిటీవాళ్ళు తలుపులేసుకుని ఎవరినో ఒకరిని తెచ్చి కూర్చోబెట్టేవాళ్ళు. పిల్లల్ని కన్నవాళ్ళం మేమా, మీరా అని తల్లిదండ్రులు పోరగా పోరగా ఈసారి కమిటీ ఒక మెట్టు దిగింది. చివరిదాకా వచ్చిన ఇద్దరితో అయిదుగురు తల్లిదండ్రులు కూర్చుని మాట్లాడొచ్చు, తమకెవరు కావాలో చెప్పొచ్చు. ఆఖరి మాట కమిటీదే అయినా, వీళ్ళ మాట వినకుండా ఎవరినీ వెయ్యరు.

"మీ తెలుగువాళ్ళలోంచి ఎవరూ ముందుకు రావట్లేదు. మీరైనా రండి," అన్నాడు ఫయాజ్.

ఆ ఇద్దరూ ఎవరని అడిగింది. ఒకాయన హైదరాబాదులో పెద్ద స్కూలు నడిపిన జనార్దన్. రెండో ఆవిడ ఇక్కడే ఆడపిల్లల సెక్షన్‌కి వైస్ ప్రిన్సిపాల్, గుల్బర్గావాసి మేరాజ్ బేగం. ఆ పేరు వినగానే కృపామణి, "తప్పకుండా వస్తానండి," అంది.

అంత హుషారుగా ఒప్పుకోవడానికి కారణం ఉంది. కిందటేడు ఐసీయూలో ఒక పేషెంటుకి విషమించి, పేరెంట్స్ మీటింగుకి ఆలస్యంగా వెళ్ళింది. జాయ్సీకి లెక్కల్లో మార్కులెందుకు తగ్గాయని అడిగితే, మేరాజ్ బేగం నలుగురి ముందూ, "పిల్ల కోసం ఒక గంట దొరకని తల్లికి మార్కుల సంగతెందుకు?" అంది. ఇంటికెళ్ళాక జాయ్సీయే తల్లిని ఓదార్చింది. ఆ ముల్లు అలాగే ఉండిపోయింది.

గురువారం సాయంత్రం మొగుడు జ్ఞానరాజు రాబిగ్ రిఫైనరీ నుంచి ఇంటికొచ్చాక చెప్పింది. "ఆలస్యంగా వచ్చిన తల్లితో ఎలా మాట్లాడతావు అని అందరి ముందూ అడుగుతానండీ. ఏం చెబుతుందో చూస్తాను."

జ్ఞానరాజు టీ తాగడం ఆపాడు. "అడుగు, కాదనను. కానీ కృపా, అక్కడ మనవాళ్ళందరి తరఫునా కూర్చునేది నువ్వొక్కదానివే. వాళ్ళనీ ఒకమాట అడిగి వెళ్తే బాగుంటుందేమో."

శుక్రవారం ఊళ్ళోనే ఉన్న షరఫియా పేటకి వెళ్ళారు. సెలవునాడు మనవాళ్ళు గుమిగూడే టిఫిన్ హోటల్లో నాలుగైదు కుటుంబాలు కలిశాయి. బస్సుల్లో ఏసీ పనిచెయ్యడంలేదని ఒకరు, తెలుగు టీచరుని తీసేశారని ఒకరు. ఏసీ టెక్నీషియన్‌గా చేసే జగిత్యాల నాగేందర్ మాత్రం ఒకటే పట్టు పట్టాడు.

"అవన్నీ తర్వాత అక్కా. మనోడున్నడు గదా, జనార్దన్ సారు. మనోడు కుర్సీల కూసుంటె మన పనులు అవే అయితయ్. కండ్లు మూసుకొని ఆయన పేరే చెప్పు."

అందరూ అవునన్నారు. కృపామణికీ అదే బాగుంది. తన కోపమూ తీరుతుంది, అందరి కోరికా తీరుతుంది.

లేచి వచ్చేస్తుంటే నాగేందర్ భార్య సంధ్య చేతులు కడుక్కునేచోట పట్టుకుంది.

"అక్కా, నాదొక మాట అడుగుతవా? పోయినేడు మా ఆయనను పనికి తెచ్చుకున్న కఫీలు ఇకామా రెన్యువల్ చెయ్యక లేట్ చేసిండు. కాయితం లేదని స్కూల్ల మా శ్రావ్య పేరు తీసేసిన్రు. రూలట, ఏం జేస్తం. పిల్ల మాత్రం రోజూ పొద్దుగాల యూనిఫాం ఏసుకొని సోఫాల కూసునేది. బస్సు పోయినంక ఇడిచేది. పాఠాలన్న ఫోన్ల పంపితె ఇంట్ల చదివిపిచ్చుకుందును. ఎవల్ని అడగాల్నో తెల్వలె. అడిగితె ఏమంటరోనని భయమైంది."

ఇకామా, అంటే ఈ దేశంలో ఉండటానికిచ్చే అనుమతి కాగితం, వచ్చాక శ్రావ్యని మళ్ళీ చేర్చుకున్నారు గానీ, ఒక తరగతి వెనక కూర్చోబెట్టారు. సంధ్య అది చెప్పి కొంగుతో మొహం తుడుచుకుని, మామూలుగా వెళ్ళి అందరిలో కూర్చుంది.

శనివారం స్కూలు లైబ్రరీలో సమావేశం. వచ్చిన అయిదుగురిలో కృపామణికి తెలిసినవాడు అర్షద్ ఒక్కడే, లక్నోవాడు, బ్యాంకు ఉద్యోగి. మొదలెట్టబోతూ ఫయాజ్, ఒక్కొక్కరికీ ఒక్క ప్రశ్నే, అదే ప్రశ్న ఇద్దరినీ అడగాలి అన్నాడు.

కృపామణి రెండు ప్రశ్నలతో వచ్చింది. తన వంతు వచ్చేదాకా ఏది అడగాలో తేల్చుకోలేకపోయింది. తీరా నోరు తెరిచేసరికి, సోఫాలో యూనిఫాం వేసుకుని కూర్చున్న పిల్లే కళ్ళ ముందు నిలబడింది.

"తండ్రి ఇకామా ఆగిపోయి స్కూలుకి రాలేని పిల్లకి మీరేం చేస్తారండీ?"

జనార్దన్ మర్యాదగా విన్నాడు. తెలుగావిడని గమనించి నవ్వాడు కూడా. "ఇక్కడి చట్టాలు నాకింకా పూర్తిగా తెలీవమ్మా. నిబంధన ఎలా ఉంటే అలా నడుచుకోవాలి. ఇలాంటివి పరిశీలించడానికి ఒక సబ్ కమిటీ వేస్తాను," అన్నాడు. అందులో తప్పు పట్టడానికేమీ లేదు. అబద్ధమూ చెప్పలేదు.

ఆయన వెళ్ళాక మేరాజ్ బేగం వచ్చి కూర్చుంది. ప్రశ్న వింటూనే కృపామణి వైపు తిరిగింది.

"మీరడిగేది ఆ సిక్స్త్ క్లాసు పిల్ల గురించేనా? ఇంటికి పంపింది నేనే," అంది ఉర్దూలో. "పేరు ఉంచే అధికారం నాకు లేదు. రేపు ప్రిన్సిపాల్‌నైనా ఉండదు. మీకు లేనిపోని మాట ఇవ్వను."

"పంపాక ఆ పిల్ల ఏమైందో కనుక్కున్నారా మేడమ్?"

"లేదు."

మేరాజ్ బేగమే మళ్ళీ అడిగింది. "వాళ్ళమ్మ ఏం కోరుకుంది?"

"పాఠాలు ఫోనులో పంపితే చాలనుకుంది. అడగడానికి భయపడింది."

మేరాజ్ బేగం తల దించుకుంది. "దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఆ రోజే చేసి ఉండొచ్చు. నాకు తట్టలేదు." కాస్త ఆగి, "ఈ పదవి నాకొచ్చినా రాకపోయినా, ఆడపిల్లల సెక్షన్‌లో అది రేపట్నుంచి మొదలవుతుంది," అంది.

ఇద్దరూ వెళ్ళిపోయాక అయిదుగురూ మాట్లాడుకున్నారు. ఇద్దరు జనార్దన్ అనుభవం గొప్పదన్నారు, ఇద్దరు ఇక్కడి మనిషే నయమన్నారు. అర్షద్ కృపామణి వైపు తిరిగి, "మీ మాటే మిగిలింది బెహన్," అన్నాడు.

"ఆవిడ నోరు మంచిది కాదు. నేనే మాటపడ్డాను. ఆ సంగతి కమిటీకి తప్పకుండా చెప్పండి," అంది కృపామణి. "కానీ మనం తప్పు చూపిస్తే సాకులు చెప్పకుండా విన్నది. నాకు ఆవిడే కావాలి."

ఆ మాట అన్నాక తనకే ఆశ్చర్యమేసింది. కోపం పోలేదు. ఉన్నచోటే ఉంది. కాకపోతే దానికి ఈ గదిలో పని లేదనిపించింది.

కమిటీ మేరాజ్ బేగంనే తీసుకుంది. కబురు షరఫియాకి చేరడానికి ఎంతోసేపు పట్టలేదు. నాగేందర్ ఫోన్ చేశాడు.

"చేతికొచ్చినోన్ని కాలదన్నినవ్ గదక్కా. మనోళ్ళకు మొకం ఎట్ల చూపిస్తవ్?"

"చూపిస్తాను తమ్ముడూ. ఆదివారం నాకు సెలవు, ఇంటికి రా, జరిగిందంతా చెబుతాను," అంది. అతను రాలేదు. చాలా వారాలు మాట్లాడనూ లేదు. జ్ఞానరాజుతో మాత్రం క్రికెట్ స్కోర్లు మాట్లాడి ఫోన్ పెట్టేసేవాడు.

మేరాజ్ బేగం నోరు మారిందా అంటే, లేదు. కుర్చీ ఎక్కిన నెలలోనే ఫీజు క్యూలో తోసుకుంటున్న తండ్రులని చెడామడా తిట్టిందని పుకారు పుట్టింది. పుకారు కాదు, నిజమేనని జాయ్సీ చెప్పింది.

ఎండలు ముదిరే రోజుల్లో నిజామాబాద్ కుటుంబం ఒకదానికి కాగితాలు ఆగి, వాళ్ళ పిల్ల ఇంట్లో ఉండిపోయింది. ఆ సాయంత్రమే తల్లి ఫోనుకి క్లాస్ టీచరు పాఠాలు పంపింది. ఆ తల్లికి చదువు రాదు. ఆ సంగతి తెలిసి సంధ్య రోజూ వంట ముగించుకుని వాళ్ళింటికి వెళ్ళి, పాఠం తెరిచి పిల్ల పక్కన కూర్చునేది. నాగేందర్ ఆవిడని కారులో దింపి, కింద వేచి ఉండేవాడట.