పక్కవారి కంచం

సలోమి చేపల మార్కెట్టుకి స్టీలు క్యారియరు పట్టుకెళ్లడం మొదలుపెట్టిన కొత్తలో పేటంతా నవ్వింది. పావుకేజీ రొయ్యలు కొన్నా సరే, మూత తీసి పట్టుకుని "ఇందులో వెయ్యండి, కవరు వద్దు" అనేది. కిరాణాకొట్టుకి పాతచీర చింపి కుట్టిన సంచీ, కూరగాయల తొక్కలకి ఇంటివెనక గొయ్యి. "కందకి లేని దురద కత్తిపీటకెందుకమ్మా?" అని ఎదురింటి గ్రేస్ వేళాకోళమాడితే, "కందకీ ఉంది గ్రేసూ, గోక్కోడానికి దానికి చేతుల్లేవంతే" అనేది. మాటకి మాట అప్పజెప్పకుండా ఆమె ఏనాడూ గుమ్మం దిగలేదు.

ఆ దురద ఊరికే పుట్టింది కాదు. వాళ్ల ఊరు పెదపాడు అవతల, కొల్లేటి వైపు పల్లంలో ఉంది. ఊరి నీళ్లన్నీ పేట పక్కనున్న మురుగుకాలవలో పడి కొల్లేటికి పోవాలి. పోయిన వానాకాలం తూము పూడుకుపోయి నీళ్లు వెనక్కి తన్నాయి. సలోమి వంటింట్లో మోకాలిలోతు మురుగు, పొయ్యి మునిగింది, బియ్యం డబ్బా తేలింది. మొగుడు నిరంజన్ తూములో గడకర్ర పెట్టి లాగితే బయటపడినవేమిటి? చర్చిలో కోతపండుగ నాటి ప్రేమవిందుకి కొన్న థర్మాకోల్ ప్లేట్లు, ప్లాస్టిక్ గ్లాసులు. నెలలు గడిచినా కుళ్లలేదు, కరగలేదు, కొన్నిటికి పసుపు మరక కూడా పోలేదు. సలోమి ఆ బురదలోనే నిలబడి తిట్టింది. ఎవరిని తిట్టాలో తెలియక అందరినీ తిట్టింది. తిట్టడం అయ్యాక, ఇకమీదట తన చేతిమీదుగా జరిగే విందులో ఆ ప్లేటు కనిపించదని ఒట్టేసుకుంది.

మళ్లీ కోతపండుగ వచ్చింది. కొత్తధాన్యం తెచ్చి దేవుడి ముందు పెట్టి, ఊరి సంఘమంతా కలిసి భోంచేసే రోజది. స్త్రీల సమాజానికి సలోమే సెక్రటరీ, విందు పెత్తనమూ ఆమెదే. ముందు ఆకుల కోసం తిరిగింది. తాడేపల్లిగూడెం వెళితే, గాలివానకి తోటలు పడిపోయాయనీ, ఉన్న అరిటాకులు పీలికలేననీ అన్నారు. విస్తర్లు అడిగితే అడుగున ప్లాస్టిక్ కాగితం అంటించినవి చూపించారు. కొల్లేటికోట వాళ్లని తామరాకులు అడిగితే, చేపల చెరువులు తవ్వాక తామర ఎక్కడుందమ్మా అని నవ్వారు.

అప్పుడామెకి ఏలూరులో తను పెరిగిన మిషన్ హాస్టలు గుర్తొచ్చింది. అక్కడ ఎవరి కంచం వాళ్లదే. గంట కొట్టగానే కంచం వాయించుకుంటూ పరుగెత్తడమంటే ఆమెకి పండగలా ఉండేది. ఇంత తేలిక దారి ఉంటే ఊళ్లు పట్టుకు తిరిగానేమిటని తనని తనే తిట్టుకుని, సంఘం మీటింగులో హుషారుగా లేచి చెప్పింది.

"ఈసారి విందుకి ఎవరి కంచం వాళ్లు తెచ్చుకోవాలండి."

పెద్దవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకోలేక తలలు దించుకున్నారు. ముందు వరసలోంచి సంఘపెద్ద అబ్బులు లేచాడు. ఆయన సలోమికి స్వయానా మావగారు.

"ఈ మాట నా కోడలి నోటినుంచే వినాల్సొచ్చింది" అని, తువ్వాలు భుజాన వేసుకుని బయటికి నడిచాడు.

ఇంటికొచ్చి చూస్తే నులకమంచం మీద గోడవైపు తిరిగి పడుకునున్నాడు. అన్నం వద్దన్నాడు. సలోమి మంచం పక్కన నేలమీద కూర్చుని, తప్పేమన్నానో చెప్పేదాకా లేవనంది. చాలాసేపటికి ఆయన ఇటు తిరిగాడు.

"నీకు తెలీదులేమ్మా. కామందు అచ్యుతరావుగారి నాన్నగారున్న రోజుల్లో, ఆ లోగిట్లో పెళ్లయినా నూర్పిళ్లయినా మనం కంచం చంకన పెట్టుకునే వెళ్లాలి. వాళ్లందరికీ బంతిలో అరిటాకు. మనకి పశువులపాక వెనకాల, మన కంచంలో. తిని, కడుక్కుని, మళ్లీ చంకన పెట్టుకుని వచ్చెయ్యాలి. కొత్తకోడలిగా వచ్చిన ఏడు మీ అత్త కంచం మర్చిపోయింది. ఏం చేశారో తెలుసా? కొంగు పట్టమన్నారు. వేడన్నం ఆ కొంగులో పోశారమ్మా."

సలోమి చెయ్యి తన కొంగు మీదికి పోయింది.

"ఆ తెల్లప్లేటు వచ్చాకే అచ్యుతరావుగారికీ నాకూ ఒకటే కంచమైంది. తిని పారేసి చెయ్యి దులుపుకుని వచ్చేస్తాను. అది కాలవకి అడ్డమైతే అయ్యుండొచ్చు. నాకు కాదు."

ఆమెకి ఏడుపొచ్చింది, ఏడ్చింది కూడా. తెలియక పుండుమీద కారం చల్లినందుకు సిగ్గుపడింది. అయినా ఒట్టు మాత్రం వదల్లేదు.

"నాది తప్పేనండి మావయ్యగారూ. కంచం తెచ్చుకోమనే మాట ఇంక నా నోట రాదు. కానీ ఆ ప్లేట్లు మాత్రం నేను కొననండి. వాళ్లు మనల్ని పాక వెనక కూర్చోబెట్టారు, నిజమే. ఈ ప్లేట్లు ఊరందరి మురుగూ తెచ్చి మన పొయ్యిలో పోశాయి. ఊళ్లో ఇంకెవరింట్లోకైనా వచ్చాయాండీ నీళ్లు? మన పేటలోకేగా! ఒక అవమానం వదిలించుకోడానికి ఇంకోదాన్ని నెత్తిన పెట్టుకోమంటారా?"

"అయితే విందుకి నేను రాను."

"మీరు రాకపోతే నేను వండనండి."

ఇంక ఆ ఇంట్లో మాటల్లేవు. నిరంజన్ అడకత్తెరలో పోకచెక్కయ్యాడు. తండ్రికి కాఫీ పట్టుకెళితే పెళ్లాం గుర్రుమనేది, పెళ్లాంతో నవ్వితే తండ్రి దగ్గేవాడు.

ఒకపూట సలోమి గుమ్మంలో గోనెసంచీలు దులుపుతుంటే గ్రేస్ వచ్చి కూర్చుంది. విందు ముందురోజు ఇంటింటికీ వెళ్లి తనే కంచాలు పోగేస్తానని సలోమి చెప్పింది. "ఎవరూ చేత్తో పట్టుకుని రానక్కర్లేదు. అన్నీ కలిపేస్తాను. ఎవరి కంచం ఎవరి ముందుకొస్తుందో దేవుడికే తెలియాలి."

"బాగుంది! అయ్యాక కడిగేదెవరు? ఆడాళ్లమేగా?"

"ఆడాళ్లు అందరికీ కడగరు. తిన్నవాళ్లే కడగాలి."

లోపల మంచం మీంచి అబ్బులు గొంతు వినిపించింది. "తిన్న కంచం కడుక్కుని బోర్లించి రావడం నావల్ల కాదు. ఈ జన్మకి సరిపడా చేశాను."

సలోమి చేతిలో సంచీ ఆగింది. కాసేపు ఆలోచించి, లోపలికి వినబడేట్టు గట్టిగా అంది.

"మీది మీరు కడగొద్దండి. మీ పక్కవారిది మీరు కడగండి. మీది మీ పక్కవారు కడుగుతారు."

గ్రేస్ పకపకా నవ్వింది. లోపల నవ్వు లేదు.

"పక్కన ఎవరు కూర్చున్నాసరేనా?" అనడిగాడు అబ్బులు.

"ఎవరైనాసరేనండి."

"అందరికీ అదే రూలా?"

"పాస్టరుగారితో సహా."

మంచం కిర్రుమంది. "అన్నం పెట్టు" అంటూ ఆయన బయటికొచ్చాడు.

సంఘం కమిటీ అంత సులువుగా లొంగలేదు. అచ్యుతరావుగారు ఏటా బస్తా బియ్యం పంపే పెద్దమనిషనీ, అలాంటి అతిథులకైనా ప్లేట్లు తెప్పించాలనీ పాస్టరుగారు మెత్తగా నచ్చజెప్పబోయారు. సలోమి వంటపాత్రల గది తాళాలు తీసి బల్లమీద పెట్టింది.

"ఆయన బియ్యం పంపితే వండుతామండి. ప్లేటు మాత్రం కొననండి. కాదంటే తాళాలు ఇవిగో, ఇంకెవరికైనా ఇచ్చుకోండి."

అంతమందికి వండి వార్చే చెయ్యి ఊళ్లో ఇంకొకటి లేదు. తాళాలు ఎవరూ ముట్టుకోలేదు. కాసేపుండి ఆమే తీసుకుని బొడ్లో దోపుకుంది.

పండుగనాడు షామియానా కింద పరదా పట్టాలు పరిచి బంతులు వేశారు. రకరకాల కంచాలు, లోతువీ పళ్లేలూ, సొట్టలు పడ్డవీ కొత్తవీ, కలగాపులగంగా అందరి ముందూ వెలిశాయి. అచ్యుతరావు కారు దిగాడు. ఎప్పటిలాగే ఆయనకి విడిగా కుర్చీ, బల్ల వేసి ఉన్నాయి. అబ్బులు ఎదురెళ్లి చేతులు జోడించాడు.

"ఇవాళ బంతిలో కూర్చోండి బాబుగారండీ. నా పక్కన."

అచ్యుతరావు నవ్వి, "దానికేం అబ్బులూ, కూర్చుంటా" అని పంచె సర్దుకుని కూర్చున్నాడు. మనిషి చెడ్డవాడు కాదు, తన తండ్రిలాంటివాడు అసలే కాదు. ఆ లోగిలి వెనకాల ఏం జరిగేదో చిన్నప్పుడు చూసీ ఉండొచ్చు, చూడనట్టు ఉండిపోయీ ఉండొచ్చు. పాస్టరుగారు మైకులో కంచాల రూలు చెప్పి ప్రార్థన చేశారు. ఆ రూలు తనక్కాదని అచ్యుతరావు అనుకున్నట్టున్నాడు. కోడికూర, గోంగూర, పప్పుచారు అన్నీ మెచ్చుకుంటూ తృప్తిగా తిన్నాడు.

బంతి లేవగానే అబ్బులు తన కంచంతోపాటు అచ్యుతరావు ముందున్నదీ తీసుకుని నీళ్లతొట్టెల దగ్గరికి నడిచాడు. "అయ్యో, వద్దు వద్దు" అంటూ అచ్యుతరావు వెనకే వచ్చాడు. ముసలాయన వినిపించుకోలేదు. పీటమీద కూర్చుని, ఊక బూడిదతో తోమి, కడిగి, తువ్వాలుతో తుడిచి, తళతళలాడేట్టు బోర్లించాడు. అప్పుడు లేచి తను తిన్న కంచం ముందుకి చాపాడు.

"ఇది నాదండి."

అచ్యుతరావు డ్రైవరు కోసం చూశాడు. డ్రైవరు అవతలి తొట్టె దగ్గర గ్రేస్ కంచం కడుగుతున్నాడు. పరిస్థితి చక్కబెడదామని నిరంజన్ చెయ్యి చాపబోతే సలోమి అతని చొక్కా పట్టుకుని వెనక్కి లాగింది. అచ్యుతరావు కంచం అందుకోకుండా కారెక్కితే ఈ ముసలాయన మళ్లీ గోడవైపు తిరిగి పడుకుంటాడు, ఇంక లేవడు.

అచ్యుతరావు మొహం ఎర్రబడింది. కాస్త నవ్వబోయాడు, నవ్వు రాలేదు. కంచం అందుకుని, ఒంగి, నీళ్లలో రెండుసార్లు తిప్పి ఇచ్చేశాడు.

అబ్బులు ఆ కంచాన్ని ఎండకి పట్టి చూశాడు. అంచు చుట్టూ బొటనవేలితో నిదానంగా రాశాడు. గొంతు ఎప్పటంత మెత్తగానే ఉంది.

"అంచుకి జిడ్డుందండి. ఇంకోసారి తోమండి."

సలోమి బూడిద డబ్బా కాలితో నెట్టకుండా, రెండు చేతులతో ఎత్తి అచ్యుతరావు ముందు పెట్టింది. ఆయన ఆమెని చూశాడు, అబ్బులుని చూశాడు. తర్వాత చొక్కా చేతులు మోచేతుల దాకా మడుచుకుని పీటమీద కూర్చున్నాడు.