వరహాలమ్మ తోమిన మూకుడు

నేను ఒక ఇనుప మూకుడును. అడుగు గుండ్రం, పక్కన ఒకే ఒక పొడుగాటి పిడి. విజయనగరం రైలు గేటు దగ్గర ఒక కమ్మరి దళసరి రేకును కొట్టి కొట్టి నన్ను చేశాడు. ఆ సుత్తి గుర్తులు ఇంకా నా ఒంటి మీద ఉన్నాయి. అన్ని దెబ్బలు తిన్నదానికి భయమేమిటి అనుకోకండి. ఏ చెయ్యి దగ్గరికి వచ్చినా, ఈసారి ఏమవుతుందో అని నాకు లోపల బిక్కుబిక్కుమంటూనే ఉంటుంది.

నన్ను మొదట కొన్నది సింహాద్రి. సాయంత్రాలు బస్టాండు పక్కన నూడుల్సు బండి నడిపేవాడు. తెచ్చిన రోజే ఒంటికి నూనె రాసి, పొగలు వచ్చేదాకా కాల్చాడు. చల్లారాక మళ్ళీ రాశాడు, మళ్ళీ కాల్చాడు. రోజూ ఆ మంటా ఆ నూనే తాగి పదకొండేళ్ళకు నాకు నల్లటి పూత పట్టింది. ఎంత నునుపంటే, కోడిగుడ్డు కొట్టి పోసినా అంటుకోకుండా జారేది. నా వరకు అది మసి కాదు, చర్మం.

మనుషుల తీరు ఆ బండి మీదే కొంత అర్థమైంది. తోటకూర అనగానే మూతి తిప్పుకునేవాళ్ళు, అదే తోటకూరను సింహాద్రి వెల్లుల్లి ముక్కలతో పెద్ద మంట మీద రెండు నిమిషాలు ఎగరేసి, సోయా సాసు చిలకరించి, ‘చైనా ఆకుకూర’ అని పలక మీద రాస్తే ఇంకో ప్లేటు అడిగేవారు. అతని మేనకోడలు ఢిల్లీశ్వరి కూడా అంతే. ఇంట్లో ఆకు ముట్టదు, మామ బండి దగ్గర కాడ మిగల్చదు.

తర్వాత సింహాద్రికి ఒక హాస్టల్లో వంటపని దొరికింది. బండి ఎత్తేశాడు, నన్ను గోనెసంచిలో చుట్టి అటకెక్కించాడు. నా కథ ఇక తుప్పుతో ముగుస్తుందనుకున్నాను.

అప్పుడే ఢిల్లీశ్వరి కాలేజీలో ప్రార్థన వరసలో నిలబడి నిలబడి కూలిపోయింది. రక్తం పరీక్ష చేస్తే హిమోగ్లోబిన్ ఏడున్నర. డాక్టరమ్మ ఇనుము బిళ్ళలు రాసి, రోజూ ఆకుకూర తినిపించమని, నెల్లాళ్ళకు మళ్ళీ రమ్మని చెప్పింది. ఏడు కంటే దిగితే ఆసుపత్రిలో చేర్చి రక్తం ఎక్కించాలట. ఢిల్లీశ్వరి తల్లి వరహాలమ్మ ఆ మాట విని ఇంటికొచ్చేలోపే ఎవరి రక్తమో, ఏ జబ్బున్న రక్తమో అని అన్నీ ఊహించుకుంది. ఆమె అంతే. పిల్ల తుమ్మితే నిమోనియా దాకా వెళ్ళి వస్తుంది.

ఆకుకూర పప్పు చేసింది, పులుసు పెట్టింది. పిల్ల ఒక ముద్ద మింగి కంచం తోసేసింది. పది రోజులు అలాగే గడిచిపోయాక, ఇక గతిలేక తమ్ముడికి కబురు పెట్టింది.

సింహాద్రి నన్ను బస్సులో పంపి అక్కకు ఫోను చేశాడు. “అప్పా, ఒక్కటే మాట. దాన్ని తోమకు. నీళ్ళతో కడిగి, తుడిసి, పొయ్యి మీద ఆరబెట్టు. అంతే.”

“అలగేరా,” అంది వరహాలమ్మ.

అని, గోనె విప్పి నన్ను చూసి నిలువునా కొయ్యబారిపోయింది. మర్నాడు శనివారం. శనివారం ఆ ఇంట్లో నీచు ముట్టరు. నాలో పదకొండేళ్ళు కోడి వేగింది, గుడ్డు వేగింది, ఊరందరి కూడూ వేగింది. తోమకు అన్నది తమ్ముడి బద్ధకం మాట అనుకుంది. చింతపండు, ఇటుక పొడి, కొబ్బరిపీచు తీసుకుని పెరట్లో కూర్చుంది. మధ్యాహ్నం మొదలుపెట్టి పొద్దు వాలేదాకా తోమింది. చింతపండు పులుపుకు నా చర్మం పొరలు పొరలుగా లేచిపోతుంటే నాకు అరవడానికి నోరు లేదు. చివరికి తెల్లగా మెరిశాను. ఆమె పసుపు రాసి బొట్టు పెట్టి, తడి తడిగానే గూట్లో బోర్లించింది.

తెల్లారేసరికి ఒళ్ళంతా ఎర్రగా తుప్పు.

ఆ తుప్పును పైపైన గుడ్డతో తుడిచి పొయ్యి మీద పెట్టింది. గ్యాసు అంటే ఆమెకు ప్రాణభయం. మంట ఎప్పుడూ చిన్నదే, చెయ్యి ఎప్పుడూ పొయ్యి మర మీదే. కడిగిన తోటకూర నీళ్ళోడుతూ ఉండగానే వేసింది. నేను వేడిని పట్టి ఉంచలేకపోయాను, ఆకును వదల్లేకపోయాను. ఆకు నాకు అంటుకుపోయి, నీళ్ళు ఊరి, నల్లటి ముద్దయింది. ఢిల్లీశ్వరి ఒక్క పిడచ నోట్లో పెట్టుకుని ఉమ్మేసింది.

“మామ సేసింది ఇలగుండదు. ఇది బురద.”

కంచంలో ఎర్రటి మరక చూసి వరహాలమ్మ గుండె ఆగినంత పనైంది. “తుప్పు మేకు గుచ్చుకుంటేనే సూదేయించుకోమంటారు. మరి కడుపులోకే ఎల్లిపోతే? నా సేతుల్తో నేనే పిల్లకి విషం పెట్టీసినాను!”

పిల్ల చేత నాలుగుసార్లు పుక్కిలింపించింది. నన్ను తీసుకెళ్ళి పాత సామాన్ల వాడి కోసం గుమ్మం పక్కన పెట్టింది. వీధి చివర అతని కేక వినపడుతోంది. ఇక నన్ను కరిగించేస్తారు అనుకున్నాను. కేక దగ్గరైంది.

ఢిల్లీశ్వరి గోడ పట్టుకుని నడుచుకుంటూ వచ్చి నన్ను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఇంకో చేత్తో మామకు ఫోను చేసింది. సంగతి విని సింహాద్రి స్పీకరు పెట్టమన్నాడు.

“పదకొండేళ్ళ నలుపప్పా అది. ఒక్క పూటలో తీసీసినావా?”

“మురికనుకున్నానురా. ఇంత ఇనుము పిల్ల కడుపులోకి పోతే ఏటయిపోద్దో!”

“అమ్మా,” అంది ఢిల్లీశ్వరి, “డాక్టరమ్మ ఇచ్చిన బిళ్ళల్లో ఏటుందనుకున్నావు? బంగారమా? ఇనుమే.”

“నాకు సదువు లేదని ఎక్కిరించకు.” అంటూనే బిళ్ళల అట్ట తెచ్చి, అక్షరం అక్షరం కూడబలుక్కుని చదువుకుంది. పాత సామాన్ల వాడు గుమ్మం దాటి వెళ్ళిపోయాడు.

“తుప్పు తినమని కాదప్పా,” అన్నాడు సింహాద్రి. “అదంతా గీకి తీసీ. బాగా ఆరబెట్టి, నూనె పల్చగా రాసి, పెద్ద మంట పెట్టు. పొగొచ్చేదాకా దింపకు.”

పొగ రాకముందే దింపడం ఆమెకు పుట్టినింటి నుంచి వచ్చిన అలవాటు. అయినా ఆ వేళ తలుపులు, కిటికీలు బార్లా తీసింది. పిల్లను వీధిలో నిలబెట్టింది. పేలితే తానొక్కతే పోవాలని. మర పూర్తిగా తిప్పింది. మంట నా అంచు దాకా ఎగబాకింది. పొగ లేచింది. ఆమె కళ్ళు మూసుకుంది గానీ మర కట్టలేదు. అలా వరసగా మూడు రోజులు, రోజుకు రెండుసార్లు కాల్చింది. పాత నునుపు రాలేదు గానీ ఒంటికి పల్చటి నలుపు తిరిగింది.

నాలుగో రోజు తోటకూర కడిగి, చీర ముక్క మీద ఆరబెట్టి, కాడలు వేరు, ఆకులు వేరు చేసింది. నూనె పొగలు కక్కేటప్పుడు వెల్లుల్లి వేసింది, వెంటనే కాడలు. విదిలించబోతే నూనె అంచు మీదుగా చిమ్మి భగ్గున అంటుకుంది. నిలువెత్తు మంట!

“నీళ్ళు పొయ్యకప్పా, మూత పెట్టు!” ఢిల్లీశ్వరి పట్టుకున్న ఫోనులోంచి అంతా చూస్తూ సింహాద్రి అరుస్తున్నాడు.

పారిపోతుందనుకున్నాను. పారిపోలేదు. మర కట్టి, మూత నా మీద అదిమిపెట్టి అలాగే నిలబడింది. మంట ఆరింది. మోచేతి మీద ఒక బొబ్బ. నన్ను చల్లారనిచ్చి, మాడిన కాడలు పారేసి, కొత్త కాడలు తరిగింది. ఈసారి కాడలు, ఆకులు, చెంచాడు సాసు, రెండే నిమిషాలు. ఆకు పచ్చగా, నిగనిగలాడుతూ నా మీద నుంచి జారి కంచంలో పడింది.

ఢిల్లీశ్వరి కాడ మిగల్చకుండా తింది. కంచం ఖాళీ అయ్యేదాకా వరహాలమ్మ ఊపిరి తీసుకున్నట్టు లేదు.

ఆ తర్వాత రోజూ అదే. తోటకూర, పాలకూర, బచ్చలి. చివరి వారమైతే ఆమె పిల్ల గోళ్ళు, పెదాలు వెలుతురులో పెట్టి చూడడం, ‘తెల్లగున్నాయా, ఎర్రగున్నాయా’ అని పక్కింటివాళ్ళను పిలిచి అడగడం. పరీక్ష రోజు తల్లీకూతుళ్ళు తాళం వేసి వెళ్ళారు. చల్లటి పొయ్యి మీద నేను ఒక్కదాన్నే ఉన్నాను. ఏడు కంటే దిగితే నేను మళ్ళీ గుమ్మం పక్కకే పోతాను. ఆ పిల్ల ఆసుపత్రి మంచానికి.

మధ్యాహ్నం తాళం తీసిన చప్పుడు. ముందు వంటింట్లోకి వచ్చింది ఢిల్లీశ్వరి. ముఖం చూస్తే ఏమీ తెలియలేదు. చెవి దగ్గర ఫోను.

“నాది తొమ్మిదికి ఎక్కింది మామా.” “డాక్టరమ్మ అమ్మ కంటిరెప్ప లాగి సూసి, అమ్మకి కూడా పరీక్ష సేయించింది. అమ్మది ఏడు.”

“నాకేటయిందే?” వెనక నుంచి వరహాలమ్మ. “ఇన్నాళ్ళూ తిరిగినాను కానేటి?”

“కూకో.” ఢిల్లీశ్వరి నా కింద పొయ్యి వెలిగించింది.

“మంట తగ్గించే, అంటుకుపోద్ది!”

“కూకోమన్నానా!”

కూతురు మర పూర్తిగా తిప్పింది. ఆకు వేసింది, విదిలించింది, దించింది. కంచం తల్లి ముందు పెట్టింది. వరహాలమ్మ అలవాటుగా సగం కూతురి కంచంలోకి తోయబోయింది. ఢిల్లీశ్వరి తన కంచాన్ని వీపు వెనక దాచేసుకుంది.

బిళ్ళలు పనిచేశాయో, ఆకు పనిచేసిందో, నా ఒంటి ఇనుము ఏమైనా అరిగి కలిసిందో నేను చెప్పలేను. నాకు తెలిసింది ఒక్కటే. ఇన్ని రోజులు నా ముందే నిలబడి, చెయ్యి కాల్చుకుని, పూటపూటా వండిన వరహాలమ్మ ఆ వేళే తొలిసారి ఒక పిడచ తన నోట్లో పెట్టుకుంది. నమిలింది. ఆగింది. కూతురి వైపు ఆశ్చర్యంగా చూసింది.

“ఇది ఇంత బాగుంటాదేటే?”