స్వల్పగాయం

భాగ్యవతి కుడి మణికట్టు విరిగింది. అందులో అనుమానమేమీ లేదు. నెహ్రూ నగర్ మలుపు దగ్గర ఆమె ఒక కాలు నేల మీద పెట్టి, రెండో కాలు ఇంకా మెట్టు మీద ఉండగానే డ్రైవరు మినీబస్సును ముందుకు దూకించాడు. ఆ హిందీ రాష్ట్రం కొత్తగా ఏర్పడిన రోజులవి. ఆ బస్సు వెనక పాత రాష్ట్రం పేరు మీద కొట్టిన రంగు కూడా సరిగ్గా ఆరలేదు. మణికట్టులో రాడ్డు వెయ్యకపోతే ఇక కుట్టుమిషను మాట మరిచిపొమ్మన్నాడు దుర్గ్‌లో డాక్టరు. స్మృతి నగర్ తెలుగు ఆడవాళ్లలో సగం మందికి జాకెట్లు కుట్టేది ఆమే. ఆ చెయ్యి ఎక్కడ పనికిరాకుండా పోతుందోనని లోలోపల ఆమెకు చాలా భయంగా ఉంది.

బస్సు యజమాని బలరాం కోర్టు పేరెత్తితేనే వణికే మనిషి. ఏం జరిగిందో, ఎంత కావాలో కాగితం మీద రాసివ్వండి, మనలో మనం తేల్చుకుందాం అని కబురు పెట్టాడు.

"నేన్రాస్తాను," అన్నాడు ఆమె భర్త కొర్నేలి. స్టీలు ప్లాంటులో అతను చేసిన ఉద్యోగమే ప్రమాదాల రిపోర్టులు రాయడం. రిటైరైనా చేతి దురద తీరలేదు. ఒక పూటంతా కూర్చుని రాసి, గొంతు సవరించుకుని చదివాడు.

"ప్రయాణికురాలు కడ్డీ పట్టుకొనకుండా దిగుటచే జారిపడినది. స్వల్పగాయం. ప్రథమచికిత్స చేయబడినది. పనికి అంతరాయం లేదు. డ్రైవరుకు తగు సలహా ఇవ్వబడినది."

భాగ్యవతికి ఒళ్లు మండిపోయింది. అయితే అతనికి వచ్చిన రాత అదొక్కటే, పాపం. ప్లాంటులో ఏడాది పొడుగునా ప్రమాదం జరగని విభాగంలో అందరికీ స్టీలు క్యారేజీలు బహుమతిగా ఇచ్చేవారు. అందుకని ఎవరి వేలు నలిగినా కొర్నేలి కలం కిందికి వచ్చేసరికి అది ఉత్త గీరుడుగా తేలేది. ఆ పుణ్యాన ఇంట్లో అటక మీద నాలుగు క్యారేజీలున్నాయి.

"ఏటండీ ఇది? నా సెయ్యిరిగితే మీకు అయిదో క్యారేజీ కావాలా?" అంది.

కొర్నేలి నొచ్చుకుని మళ్లీ రాశాడు. ఈసారి "స్వల్ప" పోయి "కొద్దిపాటి" వచ్చింది.

"పనికి అంతరాయం నేదని రాసినారు గదా," అంది ఆమె చాలా మెత్తగా. "అయితే రేపట్నించి నా పని మీరు సెయ్యండి. అంతరాయం నేకుండా."

మర్నాడు ఆమె వంటింటి గుమ్మంలో కుర్చీ వేసుకుని ఫోర్‌మన్‌లా కూర్చుంది. కొర్నేలి ఊడ్చాడు, తోమాడు, పప్పు పొయ్యి మీద పెట్టాడు. పోపు వేస్తూ చేతి మీద నూనె చిందించుకుని వీధి చివరిదాకా వినబడేలా అరిచాడు. భాగ్యవతి కుర్చీలోంచి కదల్లేదు.

"స్వల్పగాయమండీ. గరిటె మీరే సరిగ్గా పట్టుకోనేదు. పప్పు మాడిపోతంది, సూడండి."

చెయ్యి నీళ్లలో ముంచుకుని అతను ఆమె కట్టు వైపు చాలాసేపు చూశాడు. "నీకు బాగా నొప్పెడతందా భాగ్యం?" అన్నాడు. పడ్డ నాటినుంచి అతను ఆ మాట అడగడం అదే మొదలు. సిగ్గుపడుతున్నాడని ఆమెకు తెలిసిపోయింది. కోపంలో సగం అక్కడే చల్లారింది.

మూడో ఉత్తరం చిన్నది. మీ డ్రైవరు తప్పు వల్ల నా భార్య చెయ్యి విరిగింది. ఆమె చాలా బాధపడుతోంది. ఆపరేషను ఖర్చు, చెయ్యి బాగయ్యేదాకా ఆమె కుట్టుకూలీ మీరే ఇవ్వాలి. అంతే రాశాడు.

బలరాం స్వయంగా వచ్చాడు. అడిగినదాంట్లో సగం బల్ల మీద పెట్టి, ఇకపై ఏ తగాదా లేదని రాయించి తెచ్చిన కాగితం ముందుకు జరిపాడు. "ఇక్కడ సంతకం పెట్టెయ్యండి దీదీ, గొడవ వదిలిపోతుంది," అన్నాడు హిందీలో.

భాగ్యవతి సిమెంటు కట్టు చేతిని తెచ్చి ఆ కాగితం మీద పెట్టింది. "ఏ చేత్తో పెట్టమంటావు భయ్యా? ఆపరేషనయ్యాక పెడతాను," అంది.

బలరాం జేబులోంచి సిరాడబ్బీ తీశాడు. "ఎడమచేతి వేలిముద్ర చాలు దీదీ."

ఉద్యోగం చేసినన్నాళ్లూ ఎవరికీ ఎదురు చెప్పని కొర్నేలి అప్పుడు కుర్చీలోంచి లేచాడు. "మా ఆవిడ చదువుకున్న మనిషి. వేలిముద్ర వెయ్యదు. సంతకమే పెడతాది, ఆ చేత్తోనే," అన్నాడు, ముందు తెలుగులో, తర్వాత హిందీలో.

భాగ్యవతి ఆ చేతిని కాగితం మీంచి తియ్యలేదు. బలరాం దాన్ని చూశాడు, నిలబడ్డ కొర్నేలిని చూశాడు, సిరాడబ్బీ మూతపెట్టి జేబులో వేసుకున్నాడు.

"ఆపరేషను ఏ ఆసుపత్రిలో దీదీ?" అని అడిగాడు.