గడ్డి మందు

పూత కాలంలో నూజివీడు పురుగుమందుల కొట్టు దగ్గర పని కావాలంటే నోరుండాలి. నతానియేలుకు ఉంది, కానీ నలుగురిలో అది పెగలదు. నలభై ఆరేళ్ళొచ్చినా అదే వరస. లోకం మాత్రం నోరున్న వాడిదే.

తేనెమంచు పురుగుకు మందు కావాలి. ఆ మాటే ముసునూరు నుంచి బండి మీద దారంతా వల్లించుకుంటూ వచ్చాడు. తీరా వంతు వచ్చేసరికి, "మామిడి తోటకండీ..." అని ఆగిపోయాడు.

కొట్టు యజమాని కృష్ణమూర్తి ఫోను చెవి దగ్గర్నుంచి తియ్యకుండానే, "దేనికయ్యా, గడ్డికా?" అన్నాడు.

"తెమల్చవయ్యా, పెళ్ళిచూపులకొచ్చావా?" అన్నాడు వెనక నుంచి ఎవడో. అందరూ నవ్వారు. ఆ నవ్వు ఆగితే చాలని నతానియేలు తలూపేశాడు.

చేతికొచ్చిన డబ్బా మీద ఎండిన గడ్డి బొమ్మ. కలుపును మాడ్చే మందు; పూత మీద పడితే పూతనూ మాడ్చేస్తుంది. జనం పలచబడ్డాక మార్చుకుందామని ఎదురుగా టీ బడ్డీ దగ్గర నిలబడ్డాడు. జనం పలచబడలేదు. ఫోను మోగింది.

"ఎక్కడున్నావయ్యా? ఇమ్మానుయేల్ స్ప్రే ఇంజను తెచ్చి కూర్చున్నాడు. మందు దొరికిందా?" అంది భార్య షాలోమి.

"ఆ," అన్నాడు.

ఆ డబ్బాతోనే తోటకు చేరాడు. తోటలో కొమ్మ కనబడకుండా పూత. ఏడాది తిండి ఆ పూతలోనే ఉంది. షాలోమి ఒక్కతే ఉంటే చెప్పేసేవాడే. తర్వాత ఇంజను తమకు కావాలని పక్క తోటవాళ్ళిద్దరు గట్టు మీద కాచుకుని ఉన్నారు. పూతకు గడ్డి మందు తెచ్చిన మొనగాడని ఈస్టరు దాకా ఊరంతా నవ్విస్తారు.

ఇమ్మానుయేల్ బొమ్మ చూడకుండానే మూత తిప్పి నీళ్ళ డ్రమ్ములో వంచేశాడు. ముక్కు చిట్లించాడు.

"వాసన తేడాగా ఉందేంటన్నా?"

గట్టు మీది వాళ్ళు ఇటు తిరిగారు. షాలోమి కూడా చూసింది. చెప్పాలి. ఇప్పుడే చెప్పాలి. నతానియేలు నోరు తెరిచాడు.

"కొత్త మందురా. కంపెనీ మారింది."

పొద్దుటి నుంచి తడబడకుండా వచ్చిన మాట అదొక్కటే.

"అట్టాగా! పనిచేస్తే మాకూ చెప్పు మరి," అన్నాడు గట్టు మీది వాడు.

నతానియేలు నవ్వాడు కూడా. ఇంజను అందుకుంది. మొదటి చెట్టు పూత నిలువునా తడిసింది. తేనెటీగలు గుంపుగా లేచిపోయాయి. ఆ రొదలో షాలోమి పైపు సర్దుతూ అరుస్తోంది:

"పై కొమ్మలు వదలకు తమ్ముడూ! బాగా తగలాలి!"