కరిగించి మళ్ళీ పోస్తే

మా అమ్మ దృష్టిలో పాడైపోయిన వస్తువంటూ ఉండదు. ఏళ్ల తరబడి కొవ్వొత్తులు పోసిన చెయ్యి ఆమెది. ఒత్తి పక్కకి ఒరిగినా, రంగు తేడా వచ్చినా "కరిగించి మళ్ళీ పోద్దాం" అని గిన్నెలో వేసేసేది. మైనం ఎన్నిసార్లు కరిగినా మైనమే కదా. ఆ ధైర్యంతోనే మా ఇల్లు నడిచింది.

కొవ్వొత్తులు కొనేవాళ్ళు తగ్గిపోయాక సబ్బుల్లోకి దిగింది. "మొదటి సబ్బులు తీసిన రోజు సాయంత్రం వచ్చి చెయ్యి కడుక్కుని చూస్తా. నచ్చితే షాపులో ఒక అర మొత్తం మీకే" అని వీధి చివర షాపావిడ మాటిచ్చింది.

ఆ రోజు పొద్దున్నే అచ్చు విప్పితే పైన నూనె తేలి ఉంది. కింద మెత్తటి ముద్ద.

"కరిగించి మళ్ళీ పోద్దాం," అంది అమ్మ.

"ఇది మైనం కాదే అమ్మా. మైనం కరగడమంటే బట్టలు మార్చుకున్నట్టు, లోపల మనిషి అదే. ఇక్కడ నూనె, కాస్టిక్ సోడా కలిసి ఇంకో పదార్థం అయిపోతాయి. రసాయనిక మార్పు. వెనక్కి రాదు."

"అయితే?"

"పారబొయ్యడమే."

"నిన్ను చదివించింది పారబొయ్యమని చెప్పడానికా?" అంది కానీ, మాటలో వేడి లేదు. స్టూలు లాక్కుని కూర్చుంది. "కొవ్వొత్తులు పోయాయి. ఇదీ పోతే ఇంక నేనేం చెయ్యనే?"

చేతికి తొడుగులేసుకుని ఆ పైన తేలినదాన్ని చెంచాతో తీశాను. వట్టి నూనె, నిన్న పోసిన నూనే. అంతా మారిపోయి ఉంటే ఇది ఎక్కడిది?

"నిన్న ఎంతసేపు కలిపావు?"

"రెండు తిప్పులు తిప్పా, నెమ్మదిగా. గట్టిగా కలిపితే బుడగలు రావూ?"

అదీ సంగతి. కొవ్వొత్తుల చెయ్యి! మైనాన్ని కదపకూడదు, సబ్బుని వదలకూడదు. నూనే, సోడా నీళ్ళూ రైల్లో పక్కపక్క సీట్ల వాళ్ళలా పలకరించుకోకుండా కూర్చున్నాయి.

"అమ్మా, పాడవలేదు. సగంలో ఆగిందంతే. పొయ్యి మీద పెడదాం."

"నేనన్నదీ అదేగా!"

"నువ్వు వెనక్కి తెద్దామన్నావు. నేను ముందుకి తోద్దామంటున్నా."

"పొయ్యి ఒకటేగా మహాతల్లీ. గిన్నె అందుకో."

మైనం గిన్నె అందుకోబోతే ఆపాను. అది అల్యూమినియంది, సోడా దాన్ని తినేస్తుంది. స్టీలు గిన్నె పెట్టి, కిటికీ తెరిచి, అమ్మ కళ్ళకి అద్దాలు తగిలించాను. జీవితంలో మొదటిసారి అమ్మ కక్ష తీర్చుకున్నట్టు కలిపింది. నూనె కనబడకుండా పోయింది. ముద్ద పొంగి, చిక్కబడి, కొంచెం కొంచెంగా వెలుతురు దూరేలా తయారైంది. సోడా ఘాటు చూసే కాగితం మీద ముదురు నీలం లేతబడ్డాక దించేశాం.

అచ్చులోంచి తీస్తే మాత్రం పైనంతా గడ్డలు. అమ్మ మొహం చిన్నబోయింది.

"నున్నగా లేదే. కరిగించి..." అని నా వైపు చూసి ఆగిపోయింది. "ఇప్పుడు కరిగిస్తే?"

"కరుగుతుంది, గడ్డలతోనే. ఇంక నూనె అవదు, మైనంలా నున్నగానూ రాదు."

అమ్మ గరిటె సింకులో పడేసింది.

సాయంత్రం షాపావిడ వచ్చి, కుళాయి కింద చేతులు రుద్దుకుని, తుడుచుకుని, వేళ్ళు వాసన చూసుకుంది.

"నురగ బాగుంది, మంటా లేదు. కానీ ఇదేంటండీ ఇంత గరుకుగా? మీ కొవ్వొత్తులు అద్దంలా ఉండేవి."

చెప్పబోయాను. అమ్మే అందుకుంది.

"అవి బాగా వచ్చేదాకా తిరగబోసేదాన్నండీ. దీనికి ఆ అవకాశం లేదు. అయ్యాక ఇంతే."

షాపావిడ ముక్కని అటూ ఇటూ తిప్పి చూసింది. "పోన్లెండి, తడి చేతిలోంచి జారిపోదు. బాగా ఆరాక తెండి, అర ఖాళీ చేయిస్తా."

ఆవిడ వెళ్ళగానే అమ్మ బల్ల మీద మిగిలిన తునకలన్నీ అలవాటుగా దోసిట్లోకి పోగేసింది.

"వాటినేం చేస్తావ్?" అన్నాను అనుమానంగా.

"చేతులు కడుక్కుంటానే," అంది.