ముందు నవ్వు, తర్వాత ఉంగరం

పెళ్లయి విజయవాడ వచ్చేనాటికి నా చేతిలో ఉన్న సరుకు రెండే. నాన్న కొనిచ్చిన పాత కెమెరా, మనిషి ముఖంలో ఏం కదిలినా పట్టేసే కన్ను. మొదటిదాన్ని అత్తారింటివాళ్ళు షాపులో కలిపేసుకున్నారు. రెండోది ఎవరి కంటా పడలేదు గనక నాకే మిగిలింది. వన్ టౌన్‌లో మా ఫొటోల షాపు బోర్డు మీద మా ఆయన పేరుతో 'యేసుబాబు డిజిటల్స్' అని ఉంటుంది. ఎండలో నిలబడి తీసేది నేను, ఏసీలో కూర్చుని ఏరేది మా ఆయన. "తీయడం ఎవడైనా తీస్తాడే స్టెల్లా, ఏరడంలో ఉంది పనితనం" అంటారు. నిజమే. ఏరినవాడిదే ఆల్బమ్.

ఈ మధ్య మాకు సర్‌ప్రైజ్ ప్రపోజల్ బేరాలు బాగా తగులుతున్నాయి. అబ్బాయి సముద్రం ఒడ్డున మోకాలి మీద కూర్చుని ఉంగరం చాపుతాడు, అమ్మాయి నోటికి చేతులు అడ్డం పెట్టుకుని ఏడుస్తూ నవ్వుతుంది. అదంతా మనం దాక్కుని తీయాలి. మగాడు కెమెరాతో తిరిగితే అమ్మాయికి అనుమానం వస్తుంది. నేను నెత్తిన తువ్వాలేసుకుని, చేపల బుట్టలో కెమెరా పెట్టుకుని నడిస్తే ఎవరూ తల తిప్పరు. ఎవరికీ కనబడకుండా పని చేయడం ఇంట్లో నేర్చిన విద్యే. బయట అమ్ముతున్నాం.

ఆ రోజు బేరం సిద్ధార్థ అనే అబ్బాయిది, బందరు దగ్గర మంగినపూడి బీచ్‌లో. సూర్యుడు సముద్రంలో మునుగుతుండగా ఫొటో కావాలన్నాడు. మన సముద్రంలో సూర్యుడు లేస్తాడు గానీ మునగడండీ, తెల్లవారుజామున పెట్టుకోమనండి అని నేను చెబితే, మా ఆయన అదే మాట ఫోన్‌లో తన మాటగా చెప్పి మెప్పు తీసుకున్నారు. చీకటితోనే లేచి ఇడ్లీ వేసి, చట్నీ రుబ్బి, అత్తమ్మకి వేణ్ణీళ్ళు కాచి బయల్దేరాను. "నీకేమ్మా, తెల్లారేసరికి హాయిగా బీచ్‌లో ఉంటావు" అంది అత్తమ్మ, ఇడ్లీ గట్టిగా ఉందని కూడా చెప్పాక.

ఇసుకలో 'మ్యారీ మీ' అని లైట్ల అక్షరాలు నిలబెట్టారు. పడవల వెనక సిద్ధార్థ తరపువాళ్ళంతా దాక్కున్నారు. కేకు డబ్బా తెరిచి చూపించింది వాళ్ళమ్మ. దాని మీద 'షీ సెడ్ ఎస్' అని క్రీముతో రాసి ఉంది. అమ్మాయి ఇంకా కారే దిగలేదు.

మనోజ్ఞ ఆ అమ్మాయి పేరు. సూర్యోదయం చూద్దామని స్నేహితురాలు తీసుకొచ్చింది. చెప్పులు చేత పట్టుకుని నీళ్ళలోకి దిగగానే అల వచ్చి మోకాళ్ళదాకా తడిపింది. పకపకా నవ్వింది. తీశాను. అంత మంచి నవ్వు నా కెమెరాలో పడి చాలాకాలమైంది. అప్పుడు సిద్ధార్థ వచ్చి మోకాలి మీద కూర్చున్నాడు. ఆ అమ్మాయి ఉంగరం చూసింది, అక్షరాలు చూసింది, పడవల వెనక కదులుతున్న చీరలు చూసింది. రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది. అదీ తీశాను. చప్పట్లు కొడుతూ జనం బయటికొచ్చేశారు.

"కొంచెం టైమ్ ఇవ్వు సిద్ధూ. అడిగావుగా, ఆలోచించి చెప్తాను."

"ఇంకా ఆలోచించేదేముందమ్మా? కేకు మీద రాయించేశాం కూడా" అంది సిద్ధార్థ వాళ్ళమ్మ.

అందరూ నవ్వారు. సిద్ధార్థ నా వైపు తిరిగి "ఇంకో టేక్ తీద్దాం మేడమ్. మీరు కాస్త చెప్పండి, ఆడవాళ్ళు చెప్తే వింటుంది" అన్నాడు. కొంచెం నవ్వండి మేడమ్ అనే మాట నా నాలిక చివరికొచ్చి ఆగిపోయింది. మా ప్రధానం రోజున ఫొటోగ్రాఫర్ "కొంచెం నవ్వమ్మా" అన్నాడు నాతో. ఆ పెళ్లి విషయంలో నన్ను ఎవరైనా ఏమైనా అడిగారంటే అదొక్కటే. నవ్వాను. ఆ ఫొటో ఇప్పటికీ హాల్లో ఉంది. వచ్చినవాళ్ళకి అత్తమ్మ దాన్ని చూపించి "ఎంత ఇష్టపడి చేసుకుందో చూడండి" అంటుంది. కొన్నిసార్లు నాకూ నిజమేనేమో అనిపిస్తుంది.

"లైట్ పోయిందండీ" అని అబద్ధమాడి కెమెరా బుట్టలో పెట్టేశాను. ఎండ అప్పుడే ఎక్కుతోంది. మనోజ్ఞ నా పక్కకొచ్చి నిలబడింది.

"అక్కా, నేను చేతులు వెనక్కి పెట్టుకున్నది పడిందా?"

"పడింది."

"తీసెయ్యకండి. రేపు నేనే నవ్వానని వీళ్ళు నాకే చెప్తారు. నేనూ నమ్మేస్తాను."

నేను షాపుకొచ్చేసరికే సిద్ధార్థ ఫోన్ వచ్చింది. మా ఆయన ఫోన్ పక్కన పెట్టి చెయ్యి చాపారు. "కార్డు ఇలా ఇవ్వు. ఆ అమ్మాయి నీళ్ళలో నవ్విందటగా, దాన్ని ఉంగరం తర్వాత పెట్టేస్తే సరి. రీల్‌లో ఏది ముందో ఏది వెనకో ఎవడు చూస్తాడు?"

"నవ్వింది ముందండీ. ఉంగరం తర్వాత."

"నీకెందుకే అవన్నీ? తీశావు, పనైపోయింది. ఇంటికెళ్ళి వంట చూసుకో. పెళ్లి ఆర్డరు కూడా మనకే ఇస్తామన్నారు వాళ్ళు."

"ఈసారి ఏరేది కూడా నేనే. లేవండి."

ఆయన నవ్వారు. నేను నవ్వలేదని చూసి, టీ తాగొస్తానని లేచి వెళ్ళారు. తిరిగొచ్చేసరికి బుద్ధి వస్తుందనుకున్నారేమో. కంప్యూటర్ ముందు ఆయన కుర్చీలో నేను కూర్చున్నాను. ఒక్క ఫొటో కూడా తీసెయ్యకుండా, ఏదీ అటూ ఇటూ మార్చకుండా, తీసిన వరసలోనే అన్నీ సిద్ధార్థకీ పంపాను, బీచ్‌లో తనిచ్చిన నంబరుకి మనోజ్ఞకీ పంపాను. "అందాయి అక్కా" అని మనోజ్ఞ దగ్గర్నుంచి మెసేజ్ వచ్చింది. సిద్ధార్థకి ఏమని జవాబిచ్చిందో తెలీదు. అడగలేదు. అది నా సరుకు కాదు.

ఇక లెక్క. పెళ్లి ఆర్డరు పోయింది. సిద్ధార్థ వాళ్ళ వాళ్ళెవరూ మళ్ళీ మా షాపు మెట్లెక్కరు. మా ఆయన నాతో మాట్లాడ్డం మానేశారు, అత్తమ్మ ఆ లోటు రాకుండా ఇద్దరి వంతూ తనే మాట్లాడుతోంది. వచ్చింది ఒకటే, ఆ కుర్చీ. అది ఆయన ఎత్తుకు ఉండేది, కూర్చుంటే నా కాళ్ళు నేలకి అందేవి కావు. ఆ రోజే పక్కనున్న మీట నొక్కి నా ఎత్తుకు దించుకున్నాను. మళ్ళీ ఎవరూ పైకి లేపలేదు. రోజూ పొద్దున్నే వచ్చి చూసుకుంటున్నాను.