కోడలి సాలీడు

అత్తగారికి శుభ్రమంటే పిచ్చి. ఎవరింటికి వెళ్ళినా ముందు మూలలు చూసి, ఆ తర్వాతే మనుషుల్ని పలకరించే రకం. ముప్పై ఏళ్ళుగా మైక్రోస్కోపులూ దుర్భిణులూ బాగుచేస్తూ వచ్చిన ఇంటాయన ఆవిడకు "సూక్ష్మదర్శిని" అని పేరు పెట్టాడు. "మీరు మాత్రం దూరదర్శిని. దగ్గరున్నది ఒక్కటీ కనపడదు. కళ్ళజోడు నెత్తిమీద పెట్టుకుని ఇల్లంతా వెతుకుతారు," అని ఆవిడ జవాబు.

ఈమధ్య ఆయన చేతులు వణుకుతున్నాయి. ఇంటి ముందువైపు పనిగదిలోని బల్లను కోడలికి అప్పగించాడు. మూడేళ్ళు పక్కన కూర్చుని నేర్చుకున్న ఆ పిల్లకు, ఒంటరిగా చేయాల్సిన మొదటి పెద్ద పని పదిరోజుల కిందట వచ్చింది. నేలను కొలిచే పాత ఇత్తడి దుర్భిణి. కాలేజీ మాస్టారు దాన్ని ఇస్తూ, కోడలు ఎదురుగానే ఉన్నా, "అమ్మాయి చేయగలదా?" అని మామగారిని అడిగాడు. రేపే పిల్లలకు పరీక్ష, ఈరోజు నాలుగింటికి వస్తానన్నాడు. కుదరకపోతే కాలేజీ పనులన్నీ ఇక వేరేచోటికే వెళ్తాయని చెప్పకనే చెప్పాడు.

ఆ ప్రశ్న కోడలికన్నా అత్తగారికే ఎక్కువ గుచ్చుకుంది. అందుకే, సామాను కదుపుతుందని ఆయన ఎప్పుడూ రానివ్వని పనిగదిలోకి ఆ ఉదయం బూజుకర్ర పట్టుకుని వెళ్ళింది. మాస్టారు వచ్చేసరికి గది తళతళలాడాలి. కిటికీ పైమూలలో ఇంత సాలెగూడు! ఒక్క ఊపులో దులిపేసి, కర్రను బయట విదిలించడానికి బయలుదేరింది.

అప్పుడే లోపలికొచ్చిన కోడలు మూలకేసి చూసి, "అయ్యో, నా సాలీడు!" అని కేకేసింది.

అత్తగారు హడలిపోయి కర్రను తలుపు వెనక ఆనించేసింది. "సాలీడేంటే? పెంచుకుంటున్నావా?"

"పదిరోజులుగా దోమలు పట్టి పెడుతున్నా అత్తయ్యా. ఆ దుర్భిణిలో చూస్తే నిలువుగా ఒకటి, అడ్డంగా ఒకటి గీతలు కనపడాలి. ఈ పాతవాటిలో అవి సాలెదారాలే. రెండూ తెగిపోయాయి. మిగతా పనంతా అయింది, ఇవాళ కొత్తవి వేద్దామనుకున్నా. మీకు చెబితే ఊరుకోరని చెప్పలేదు."

"ఇప్పుడు దులిపిన గూడు పనికిరాదా?"

"దుమ్ము పట్టినది పనికిరాదు. సాలీడు అప్పటికప్పుడు వదిలే దారమే కావాలి."

ఇద్దరూ ఇల్లంతా గాలించారు. మంచాల కింద, బీరువా వెనక, అటక మీద ఎక్కడా ఒక్కటీ లేదు. తన ఇంటి శుభ్రం చూసి అత్తగారికి ఏడుపు రావడం అదే మొదటిసారి.

ఇక మిగిలింది పక్కింటావిడ. ఆవిడ ఇంట్లో బూజు గురించి అత్తగారు చెప్పని మనిషి ఆ వీధిలో లేడు. ఏ మొహం పెట్టుకుని వెళ్ళాలి? అయినా వెళ్ళింది.

"వదినా, మీ ఇంట్లో ఒక సాలీడుంటే ఇస్తారా?"

"వెక్కిరించడానికొచ్చారా? మొన్న మీరన్న మాటకు ఉడుక్కుని నిన్నంతా నిచ్చెనెక్కి దులుపుకున్నా. వెతుక్కోండి, ఒక్కటి కనపడితే చూస్తా!"

అత్తగారు ఆ గుమ్మంలోనే కూలబడి జరిగిందంతా చెప్పింది. పక్కింటావిడ మెత్తబడింది. "లేవండి వదినా, మీ ఇంట్లో నేను వెతుకుతా. బూజు సంగతి మీకేం తెలుసు?"

వచ్చీరాగానే పనిగది తలుపు వెనక్కి తొంగిచూసింది. తర్వాత వీధి చివరిదాకా వినపడేలా నవ్వింది.

"వదినా! మీ బూజుకర్రకే బూజు పట్టింది!"

కర్ర కుచ్చులో ఇరుక్కున్న సాలీడు నెమ్మదిగా బయటికొచ్చి, కర్రకూ తలుపుకూ మధ్య కొత్త కాపురం మొదలుపెట్టింది.

కోడలు దాన్ని ఒక పుల్లమీదకి ఎక్కించి మెల్లగా తట్టింది. సాలీడు దారం వదులుతూ కిందికి జారుతుంటే, ఆ దారాన్ని రెండు కొమ్ములున్న తీగకు చుట్టుకుంది. భూతద్దం కంటికి బిగించుకుని, ఉంగరమంత ఇత్తడి చట్రం మీద ఒక పోగు నిలువుగా, ఒక పోగు అడ్డంగా పరిచి, కొసలను లక్కచుక్కలతో అంటించింది. తమ ఊపిరికి దారం ఎక్కడ ఎగిరిపోతుందోనని వదినలిద్దరూ ముక్కులు మూసుకున్నారు.

నాలుగింటికి మాస్టారు వచ్చాడు. దుర్భిణిని వీధి చివరి నీళ్ళ ట్యాంకు వైపు తిప్పి చాలాసేపు చూశాడు. "గీతలు ఎంత సన్నగా ఉన్నాయండీ! మీరే వేశారా?" అని మామగారిని అడిగాడు. ఆయన వణికే వేలితో కోడలిని చూపించాడు.

మాస్టారు ఈసారి ఆమెవైపే తిరిగాడు. "అమ్మా, కాలేజీలో ఇలాంటివి ఇంకా తొమ్మిదున్నాయి. ఎప్పుడు తెమ్మంటారు?"

కోడలు నోరు తెరిచేలోపే అత్తగారికి ఆనందం పట్టలేక మాట తన్నుకొచ్చింది. "అన్నీ ఒకేసారి తేకండి మాస్టారూ. మాకున్నది ఒక్క సాలీడే."

మర్నాడు పక్కింటావిడ వచ్చేసరికి, పనిగది మూలలో సాలీడు మళ్ళీ గూడు కట్టుకుంటోంది. దాని కింద అత్తగారు కుర్చీ వేసుకుని కాపలా కూర్చుంది.

"వదినా," అంది తల తిప్పకుండానే, "మీ ఇంట్లో దోమలైనా మిగిల్చారా, వాటినీ దులిపేశారా?"